సీజర్ హంతకులు, బానిస టోపీ

డిగ్రీ ఇంగ్లీషు క్లాసులో జూలియస్ సీజర్‌ను చదివిన మనలో చాలామందికి బ్రూటస్ అంటే స్వేచ్ఛ కోసం మిత్రుణ్ణి చంపుకున్న నీతిమంతుడు. మేమూ అలాగే నమ్మాం. చరిత్ర పరిశోధనలోకి వచ్చాక, హత్య తర్వాత బ్రూటస్ వేయించిన వెండి నాణెం చూశాం. ఒకవైపు అతని తల. మరోవైపు రెండు బాకులు, వాటి మధ్య ఒక టోపీ, కింద హత్య జరిగిన రోజు. ఆ టోపీ రోమ్‌లో విడుదలైన బానిస పెట్టుకునేది. అక్కడి నుంచే సీజర్ కథను మళ్లీ చదవడం మొదలుపెట్టాం.

సీజర్ పేదల ఇంటి బిడ్డేమీ కాదు. క్రీ.పూ. 100లో పాత కులీన వంశంలో పుట్టాడు. కాకపోతే ఇల్లు ఉన్నది సుబురా అనే ఇరుకు వాడలో. మేనత్త భర్త మారియస్ సామాన్యుల పక్షం నాయకుడు. ఆ పక్షాన్ని తుడిచిపెట్టిన సుల్లా, భార్యను వదిలేయమని హుకుం జారీ చేస్తే కుర్రాడైన సీజర్ ఒప్పుకోలేదు, పారిపోయి దాక్కున్నాడు.

క్రీ.పూ. 59లో కాన్సల్ అయ్యాక, సెనేట్ ఎంత అడ్డుపడినా భూ పంపిణీ చట్టాలు తెచ్చాడు. ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్న సుమారు 20,000 మంది పౌరులకు కాంపానియాలో పొలాలు దక్కాయి. రోమ్ పెద్దలు అతణ్ణి క్షమించనిది ఇక్కడే. అంతర్యుద్ధం గెలిచాక అప్పుల భారం కొంత తగ్గించాడు. పశువుల మందలు మేపించే భూస్వాములు కాపరుల్లో మూడో వంతు మందినైనా స్వేచ్ఛాజనుల్లోంచే పెట్టుకోవాలన్నాడు. అదే మనిషి ఉచిత ధాన్యం పొందేవాళ్ల జాబితాను 3,20,000 నుంచి 1,50,000కు కోసేశాడు.

గాల్ యుద్ధాల లెక్క వేరు. అది చదివితే ఆయన్ను పేదల దేవుణ్ణి చేయడం ఎవరి తరమూ కాదు. క్రీ.పూ. 57లో ఒక్క అదువాతుకి పట్టణం నుంచే 53,000 మందిని ఒకే విడతలో అమ్మేసినట్టు తన పుస్తకంలో తనే రాసుకున్నాడు. అలేసియా పడిపోయాక సైనికులకు తలా ఒక బందీని పంచిపెట్టాడు. రోమ్‌లో అతని వైభవానికి పెట్టుబడి ఆ మనుషులే.

క్రీ.పూ. 44 ఫిబ్రవరిలో అతడు జీవితకాల నియంత అయ్యాడు. మార్చి 15న, పాంపే కట్టించిన సభామందిరంలో, సెనేటర్లు 23 పోట్లు పొడిచారు. కుట్రలో 60 మందికి పైగా ఉన్నారు. వాళ్లలో బ్రూటస్, కాసియస్ సీజర్ క్షమాభిక్షతో బతికి, ఆ ఏడాది అతని చలవతోనే ప్రీటర్ పదవుల్లో ఉన్నవాళ్లు. సభలో ఉన్న పెద్దమనుషులంతా పారిపోయారు. చాలాసేపు శవం దగ్గర ఎవరూ లేరు. చివరికి ముగ్గురు బానిసలు పల్లకీలో వేసుకుని ఇంటికి మోశారు. చెయ్యి ఒకటి బయటికి వేలాడుతూనే ఉంది. పొడిచినవాళ్ల పేర్లు సుమారు ఇరవై చరిత్రకెక్కాయి. మోసిన ముగ్గురిలో ఒక్కరి పేరూ ఎక్కలేదు.

హంతకులు మాత్రం టోపీని ఈటెకు తగిలించి, స్వేచ్ఛ వచ్చిందని వీధుల్లో తిరిగారు. జనం ఊరేగింపు తీయలేదు. తన తోటలు ప్రజలకు, తలకు 300 సెస్టెర్స్‌లు పౌరులకు రాసిన సీజర్ వీలునామా బయటపడ్డాక, అదే జనం ఫోరంలో బల్లలు, కుర్చీలు పోగేసి చితి పేర్చారు. ఆ చితి దగ్గర యూదులు కొన్ని రాత్రులపాటు దుఃఖించారు.

ఇంతకీ బ్రూటస్ స్వేచ్ఛ ఎవరిది? సైప్రస్‌లోని సలామిస్ నగరానికి అతడు మనుషులను అడ్డుపెట్టుకుని ఏడాదికి 48 శాతం వడ్డీకి అప్పిచ్చాడు. బాకీ వసూలుకు వెళ్లిన అతని ఏజెంటు గుర్రపు దళంతో నగర సభను ముట్టడించి, లోపలున్నవాళ్లలో ఐదుగురు ఆకలితో చచ్చేదాకా వదల్లేదు. సిసెరో గవర్నరుగా వెళ్లి ఆరా తీస్తేనే, అసలు అప్పు బ్రూటస్‌దని బయటికొచ్చింది. ఆ సిసెరో కూడా హత్యను మెచ్చుకున్నవాడే!

కాసియస్ సంగతి ఇంకా దారుణం. యుద్ధ ఖర్చులకు యూదయా మీద పన్ను వేశాడు. గోఫ్నా, ఎమ్మావుస్, లిద్దా, తమ్నా పట్టణాలు కట్టలేకపోయాయి. క్రీ.పూ. 43లో ఆ నాలుగు ఊళ్ల జనాన్నీ బానిసలుగా అమ్మించాడు. బాకుల మధ్య బానిస టోపీ పెట్టి బ్రూటస్ నాణేలు కొట్టించింది ఆ సమయంలోనే, ఆ సైన్యాల జీతాల కోసమే.

క్రీ.పూ. 42లో ఫిలిప్పీ దగ్గర ఓడి ఇద్దరూ ఆత్మహత్య చేసుకున్నారు. అమ్ముడుపోయిన ఆ యూదులను విడిచిపెట్టమని తర్వాత ఆంటోనీ ఉత్తర్వు ఇచ్చాడు. దాని మీద టోపీ బొమ్మ లేదు.