తలలు కొలిచిన బోయాస్

ఫ్రాంజ్ బోయాస్ కూడా మొదట్లో మనలాగే లెక్కలు, ఫిజిక్స్ బాపతే. 1858లో జర్మనీలోని మిండెన్‌లో ఒక యూదుల ఇంట పుట్టాడు. 1881లో కీల్ యూనివర్సిటీలో నీటి రంగు మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. అయితే రెండు కాంతుల్లో ఏది ఎక్కువో చివరికి తేల్చేది చూసేవాడి కన్నే కదా? ఆ తిరకాసే ఆయన్ని మెల్లగా మనుషుల వైపు లాగింది.

1883లో మ్యాపులు గీద్దామని కెనడా ఉత్తరాన ఉన్న బాఫిన్ దీవికి వెళ్ళాడు. ఏడాదిపాటు ఇన్యూట్ జనంతో కలిసి తిరిగాడు, వాళ్ళు పెట్టిన సీల్ మాంసమే తిన్నాడు. వీళ్ళకంటే మనం ఎందులో గొప్ప అన్న ప్రశ్న అక్కడే పట్టుకుంది.

తర్వాత అమెరికా చేరి కొలంబియా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. అప్పట్లో పండితులకి తలకాయంటే రేస్ మీద కొట్టిన ముద్ర. (మనం రేస్‌కీ, నేషన్‌కీ, ఒక్కోసారి కులానికీ కూడా జాతి అనే ఒక్క మాటే వాడేస్తాం, అందుకే ఇక్కడ రేస్ అంటున్నాను.) తల వెడల్పుని పొడవుతో భాగించి వందతో గుణిస్తే వచ్చే అంకె తరతరాలకీ మారదని నమ్మకం. సరిగ్గా ఆ రోజుల్లోనే మన మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాదిలో కులాలవారీగా జనం తలలూ ముక్కులూ కొలుస్తున్నాడు.

బోయాస్ కూడా అదే పరికరం పట్టుకున్నాడు, కానీ ప్రశ్న మార్చాడు. వలసల మీద అమెరికా ప్రభుత్వం వేసిన కమిషన్ కోసం న్యూయార్క్‌లో దాదాపు 18,000 మందిని, అంటే వలస వచ్చినవాళ్ళనీ వాళ్ళ పిల్లల్నీ, కొలిపించాడు. యూరప్‌లో పుట్టిన పిల్లలకీ, అమెరికా వచ్చాక పుట్టిన పిల్లలకీ తల ఆకారంలో తేడా కనిపించింది. తూర్పు యూరప్ యూదుల గుండ్రటి తలలు కాస్త పొడుగయ్యాయి, సిసిలీ వాళ్ళ పొడుగు తలలు కాస్త గుండ్రమయ్యాయి. అస్సలు మారదనుకున్న తలే ఊరు మారితే మారుతుంటే, ఇక బుద్ధి, గుణం రేస్‌ని బట్టి వస్తాయని ఏ ధైర్యంతో అంటారు? ఒంటి రంగు, ఎత్తు వంశంలో రావని ఆయన అనలేదు. ఒక గుంపు సగటుకీ ఇంకో గుంపు సగటుకీ మధ్య ఉన్న తేడా కంటే, ఒకే గుంపులో మనిషికీ మనిషికీ ఉండే తేడా చాలా ఎక్కువ అన్నాడంతే. 2002లో ఇద్దరు ఆ డేటానే మళ్ళీ లెక్కగట్టి, మార్పు చాలా చిన్నదన్నారు. మరుసటి ఏడే ఇంకో బృందం అవే అంకెలు తీసి బోయాస్ మాట చాలావరకు నిజమే అంది.

1911లో వచ్చిన ఆ రిపోర్టుని రాజకీయం పట్టించుకోలేదు. 1924లో దేశాలవారీగా కోటాలు పెట్టి వలసలకి తలుపులు దాదాపు మూసేశారు.

ఆయన్ని మెచ్చుకునే వ్యాసాలు చాలావరకు దాటేసే సంగతి ఒకటుంది. 1897లో ఆయన పనిచేస్తున్న న్యూయార్క్ మ్యూజియానికి నావికుడు పియరీ గ్రీన్‌లాండ్ నుంచి ఆరుగురు ఇన్యూట్‌లని తెచ్చాడు. ఒకరిని తెమ్మని అడిగింది బోయాసే. నలుగురు రోగాలతో పోయారు. వాళ్ళలో కిసుక్ అనే ఆయనకి, చిన్న కొడుకు మినిక్ ఎదుట ఉత్తుత్తి ఖననం చేసి, అస్థిపంజరాన్ని మ్యూజియంలోనే ఉంచుకున్నారు. తర్వాత గొడవైతే బోయాస్ ఆ పనిని సమర్థించుకున్నాడు. ఆ ఎముకలు సొంత ఊరు చేరింది 1993లో. అంత చదివినవాడికి ఆ పసివాడి దుఃఖం ఎందుకు ఆనలేదో నాకు అర్థం కాదు.

1931లో పిలిచి సన్మానించిన కీల్‌లోనే 1933లో నాజీలు ఆయన పుస్తకాలు తగలబెట్టారు. అప్పటికి డెబ్బై ఐదు దగ్గరపడుతున్నా ఆయన ఊరుకోలేదు. 1942 డిసెంబరు 21న కొలంబియాలో, పారిస్ నుంచి పారిపోయి వచ్చిన పాల్ రివే గౌరవార్థం ఇచ్చిన విందులో, భోజనాల బల్ల దగ్గరే కూలిపోయి చనిపోయాడు. అప్పుడు ఆ బల్ల దగ్గర కుర్ర లెవీ-స్ట్రాస్ కూడా ఉన్నాడు.