చొక్కాని కాగితంలో పెట్టిన దర్జీ

బీసెంట్ రోడ్డులో రెడీమేడ్ షర్టు కొన్న ప్రతి ఒక్కరికీ ఈ బాధ తెలుసు. భుజాల దగ్గర సరిపోతే పొట్ట దగ్గర సంచిలా వేలాడుతుంది. పొట్ట దగ్గర సరిపోతే చేతులు మణికట్టు దాకా రావు. 38 సైజు మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడు, వాడి ఒంటికి కుట్టిన చొక్కాల్లో మనందరం సర్దుకుపోతున్నాం. అందుకే నేను నా షర్టులు ఇంట్లోనే కుట్టుకోవడం మొదలుపెట్టాను. అసలు కటింగ్ రానివాళ్లు కూడా ఇంట్లో షర్టు కుట్టుకునేలా చేసింది ఎవరా అని వెతికితే దొరికిన పేరు ఎబెనీజర్ బటరిక్. 

బటరిక్ 1826లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్టెర్లింగ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి వడ్రంగి. కొడుకు చెక్క పని వదిలి గుడ్డ పనిలోకి వచ్చాడు, దర్జీ దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. 1850లో ఎలెన్ పొలార్డ్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకీ కుట్టు బాగా వచ్చు.

అప్పటి పరిస్థితి ఒకసారి చూడాలి. ఎలియాస్ హోవ్‌కి కుట్టుమిషన్ పేటెంట్ 1846లో వచ్చింది, సింగర్‌కి 1851లో వచ్చింది. మెల్లగా మిషన్లు ఇళ్లలోకి చేరాయి. కానీ మిషన్ కుడుతుంది, కత్తిరించదు కదా! మా పామర్రులో ఏ టైలర్ దగ్గరికి వెళ్లినా ఇది అర్థమవుతుంది. ఆయన టేపుతో కొలుస్తారు, పుస్తకంలో నాలుగు అంకెలు రాసుకుంటారు, చాక్ ముక్కతో గుడ్డ మీద గీసేస్తారు. ఛాతీలో నాలుగో వంతు ఎంత, లూజు ఎంత కలపాలి, చంక దగ్గర ఎంత లోపలికి తీయాలి, అన్నీ ఆయన తలలోనే ఉంటాయి. కుట్టడం మనం నెలలో నేర్చుకోవచ్చు. కటింగ్ మాత్రం ఏళ్ల విద్య. బటరిక్ కాలంలో అమెరికాలోనూ అంతే. ఇంట్లో ఉన్నవాళ్లు పాత చొక్కా కుట్లు ఊడదీసి, ఆ ముక్కలు చూసి కత్తిరించుకునేవాళ్లు.

1863 చలికాలంలో జరిగిందని చెప్పుకునే కథ ఒకటుంది. ఎలెన్ తమ చిన్నబ్బాయికి బట్టలు కుట్టడానికి గళ్ల గుడ్డని భోజనాల బల్ల మీద పరిచింది. పిల్లవాడి సైజుకి తగిన నమూనా ఏదైనా ఉంటే ఎంత బాగుండేదో అని భర్తతో అంది. అప్పటికే కాగితపు నమూనాలు అమ్మేవాళ్లున్నారు. అయితే అవి ఎక్కువగా ఒకే సైజులో వచ్చేవి. పెంచడం, తగ్గించడం కొన్నవాళ్ల తిప్పలు. బటరిక్ మాత్రం ఒక్కో డిజైన్‌ని వేర్వేరు సైజుల్లో గీయడం మొదలుపెట్టాడు.

మనలాంటి కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇక్కడే అసలు విషయం ఉంది. సైజు పెంచడం అంటే ఫొటోని జూమ్ చేయడం కాదు. 38 నుంచి 40కి వెళ్తే చుట్టుకొలత రెండు అంగుళాలు పెరుగుతుంది. షర్టు ముందు రెండు భాగాలకీ, వెనక రెండు సగాలకీ పంచితే తలా అర అంగుళం. కాలర్ అంత పెరగకూడదు. జేబు దాదాపు అలాగే ఉంటుంది. కాజా అసలు పెరగదు, ఎందుకంటే గుండీ పెరగలేదు కదా. ఒక్కో చోట ఒక్కో రూలు. ఈ రూల్సన్నీ దర్జీ అనుభవంలో ఉంటాయి. బటరిక్ వాటిని కాగితం మీదికి దించాడు.

మొదట మందపాటి కాగితం వాడితే మడత పడలేదు, పోస్టులో పంపడం కష్టమైంది. తర్వాత పల్చటి టిష్యూ కాగితానికి మారాడు. దాంతో ఒక చొక్కా కటింగ్ మొత్తం చిన్న కవరులో పట్టేసింది. మొదట్లో అమ్మినవి మగవాళ్ల, మగపిల్లల బట్టల నమూనాలే. ఇటలీ వీరుడు గరిబాల్డీ దుస్తుల్ని చూసి చేసిన పిల్లల సూటు బాగా అమ్ముడైంది. 1866 నుంచి ఆడవాళ్ల దుస్తులూ వచ్చాయి. న్యూయార్క్ చేరాడు, భాగస్వాములు కలిశారు, ఫ్యాషన్ పత్రికలు పెట్టారు. వ్యాపారం లండన్, పారిస్, బెర్లిన్, వియన్నా దాకా వెళ్లింది. 1881లో అది బటరిక్ పబ్లిషింగ్ కంపెనీ అయింది. 1894 దాకా అందులో పనిచేసి, 1903లో బ్రూక్లిన్‌లో చనిపోయాడు.

నాకు ఈ జీవితంలో నచ్చింది ఆ వ్యాపారం కాదు. ఆయన స్వయంగా దర్జీ. కస్టమర్ మళ్లీ మళ్లీ తన దగ్గరికి రావడానికి కారణమైన విద్యనే కవరులో పెట్టి ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేశాడు. మన భాషలో చెప్పాలంటే యాప్ అమ్మకుండా సోర్స్ కోడ్ అమ్మాడు. నచ్చని సంగతి కూడా ఉంది. ఆ కథ నిజమైతే అవసరం కనిపెట్టింది ఎలెన్. కవరు మీద పేరు మాత్రం ఆయనది.

ఇంకో మాట. కాగితానికి కూడా 38 సైజు మనిషే తెలుసు, మీరు తెలియదు. నేను నెట్‌లో ప్యాటర్న్ దించుకుని జిరాక్స్ షాపులో ఎ4 కాగితాల మీద ప్రింట్ తీయిస్తా. సైజు తగ్గకుండా నూరు శాతం స్కేల్ పెట్టమని చెప్తా, అందులో ఉన్న టెస్ట్ గడిని స్కేలుతో కొలుస్తా. తర్వాత కాగితాలు అతికించి, చేతి ముక్కని అడ్డంగా కత్తిరించి ఒక అంగుళం పొడవు పెంచుతా. మధ్యలో ఖాళీకి పాత న్యూస్‌పేపర్ ముక్క అతికిస్తా. నడుం దగ్గర పక్క గీతని లోపలికి జరుపుతా. ముందు పాత దుప్పటి గుడ్డతో ఒకటి కుట్టి తొడుక్కుని చూసి, ఆ తర్వాతే మంచి గుడ్డ మీద కత్తెర పెడతా. బటరిక్ మనకి ఇచ్చింది సగం దారి. మిగతా సగానికి టేపు పట్టుకుని మన ఒళ్లు మనమే కొలుచుకోవాలి.