అడిలైడ్ కుర్రాడు, ఆక్స్‌ఫర్డ్ బూజు మందు: హోవర్డ్ ఫ్లోరీ

1995కు ముందు ఆస్ట్రేలియా వచ్చిన మన పెద్దలకు పాత కాగితపు యాభై డాలర్ల నోటు గుర్తుండే ఉంటుంది. దాని మీద బొమ్మ హోవర్డ్ ఫ్లోరీది. పెన్సిలిన్ అనగానే స్కూల్లో చదువుకున్న ఫ్లెమింగ్ పేరే మన నోటికొస్తుంది. 1928లో ఆ బూజు గుణాన్ని గమనించింది ఆయనే. దాన్ని మనిషి ఒంట్లోకి ఎక్కించే మందుగా మార్చింది మాత్రం ఫ్లోరీ బృందం.

ఫ్లోరీ 1898 సెప్టెంబరు 24న అడిలైడ్‌లో పుట్టారు. తండ్రిది బూట్ల తయారీ వ్యాపారం. అక్కడే వైద్యం చదివి, రోడ్స్ స్కాలర్‌షిప్ రావడంతో 1921 చివర్లో ఓడలో డాక్టరుగా పనిచేస్తూ ఇంగ్లండ్ బయలుదేరారు. 1935లో ఆక్స్‌ఫర్డ్‌లో పాథాలజీ ప్రొఫెసర్ అయ్యారు.

ఆ రోజుల్లో న్యుమోనియా అంటే ఇంటిల్లిపాదికీ గుండె జారేది. క్రిములు ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లో చేరగానే శరీరం వాటిపై పోరుకు దిగుతుంది. రక్తనాళాల నుంచి నీరు, తెల్లకణాలు ఊరి గదులను నింపేస్తాయి. అదే వాపు. గాలి ఉండాల్సిన చోట నీరూ చీమూ ఉంటే రక్తానికి ఆక్సిజన్ ఎలా అందుతుంది? క్రిములు చచ్చాక కొన్ని కణాలు ఆ చెత్తను తినేస్తాయి, మరికొన్ని రెండేసిగా చీలి గదుల గోడలకు కొత్త పొర వేస్తాయి. గదుల చట్రం చెడకపోతే ఊపిరితిత్తి దాదాపు మునుపటిలా కోలుకుంటుంది. చట్రమే కూలితే మిగిలేది మచ్చ. పెన్సిలిన్ ఊపిరితిత్తిని బాగుచేయదు. క్రిముల గోడను బద్దలుకొట్టి శరీరానికి వ్యవధి ఇస్తుంది, అంతే.

1940 మే 25న 8 ఎలుకలకు ప్రాణాంతక క్రిములు ఎక్కించి, నాలుగింటికే మందు ఇచ్చారు. తెల్లారేసరికి మందు పడని నాలుగూ చచ్చిపోయాయి. మనుషులకు సరిపడా మందు తీయడం వేరే కథ. యుద్ధకాలం కదా, ఆసుపత్రి బెడ్‌పాన్లలో కూడా బూజు పెంచారు.

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు మొదలుపెట్టారు. ముఖంలో మొదలైన చీము కంటికి, ఊపిరితిత్తులకు పాకిన మనిషి. కొద్ది రోజుల్లోనే జ్వరం తగ్గింది, తిండి తినసాగాడు. ఇంతలో మందు నిండుకుంది. ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్ తిరిగి తీసి ఎక్కించినా చాలలేదు. మార్చి 15న చనిపోయాడు. మందు పనిచేస్తోందని తెలిసీ చేతులు కట్టుకు నిలబడాల్సి రావడం ఏ వైద్యుడికైనా నరకమే. ఆ తర్వాత తక్కువ మోతాదు సరిపోతుందని ఎక్కువగా పిల్లలను ఎంచుకున్నారు.

ఆ వేసవిలోనే ఫ్లోరీ, సహచరుడు హీట్లీ బూజు పట్టుకుని అమెరికా వెళ్లి అక్కడి వారిని భారీ తయారీకి ఒప్పించారు. రోగులపై పరీక్షల భారం చాలావరకు ఆయన భార్య ఎథెల్‌ది. ఆమే అడిలైడ్‌లో ఆయనతో వైద్యం చదివిన డాక్టరు, పైగా వినికిడి సమస్య. 1943లో దంపతులు 187 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఆమె పేరు ఏ నోటు మీదా లేదు.

1944కల్లా మెల్‌బోర్న్‌లోని సీఎస్ఎల్‌లో పెన్సిలిన్ తయారైంది. 1945లో ఫ్లెమింగ్, చెయిన్‌లతో కలిసి ఫ్లోరీకి నోబెల్ వచ్చింది. పెన్సిలిన్‌కు లొంగని కొన్ని న్యుమోనియాలకు పనికొచ్చిన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనను నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

కాన్‌బెర్రాలో జాన్ కర్టిన్ వైద్య పరిశోధనాలయం నిలబడటానికి ఫ్లోరీ ఏళ్ల తరబడి తోడ్పడ్డారు. కాపురానికి మాత్రం స్వదేశం తిరిగి రాలేదు. 1968 ఫిబ్రవరి 21న ఆక్స్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు.