ఎడ్వర్డు జెన్నరు – టీకా వాదము

మన పూర్వులకు మశూచికము పేరెత్తుటకే భయముగా నుండెడిది. దానిని పెద్దమ్మవారని పిలిచి, గుమ్మములకు వేపమండలు కట్టి, చల్లగా వెడలిపొమ్మని మ్రొక్కుకొనెడివారు. ఆ వ్యాధి నేడు భూమిపై నెక్కడను లేదు. 1980వ సంవత్సరము మే 8వ తేదీన ప్రపంచారోగ్య మహాసభ ఈ శుభవార్తను చాటినది. ఇంతటి మేలునకు మూలపురుషుడైన ఎడ్వర్డు జెన్నరు జీవితమును మా చదువరులకు సంగ్రహముగా దెలుపదలచితిమి. ఆయన గెలుపును మాత్రమే గాక, ఆయన పొరబడిన చోటును గూడ చెప్పుదుము. ఏలయన, టీకా ఎంతవఱకు కాపాడును, ఎంతకాలము కాపాడును అను ప్రశ్న ఆయన కాలముననే పుట్టినది. తలిదండ్రులు నేటికిని ఆ ప్రశ్ననే యడుగుచున్నారు.

జెన్నరు ఇంగ్లండు దేశమున గ్లాస్టరు మండలములోని బర్క్‌లీ గ్రామమున 1749వ సంవత్సరము మే 17వ తేదీన జన్మించెను. తండ్రి ఆ గ్రామ సంఘమునకు గురువు. ఐదేండ్ల ప్రాయముననే తలిదండ్రుల నిరువురను గోలుపోయి, జెన్నరు తోబుట్టువుల పోషణలో పెరిగెను. ఎనిమిదవ యేట ఆయనకు మశూచి నెక్కించిరి. రోగి పొక్కులలోని రసిని కొంచెము తీసి, ఆరోగ్యవంతుని చేతిపై గీరి యెక్కించుట ఆనాటి యాచారము. అట్లు చేసినచో పెక్కుమందికి వ్యాధి తేలికగా వచ్చి పోవును, మరల రాదు. కాని కొందఱకు అదియే ముదిరి ప్రాణము తీయుచుండెను. వారినుండి ఇరుగుపొరుగులకు మశూచియే యంటుచుండెను. జెన్నరును ముందుగా కొన్ని వారములు అరకడుపున నుంచి, రక్తము తీసి, పిదప తోడి బాలురతో నొక కొట్టములో నుంచిరి. ఆ బాధను ఆయన మఱువలేదు.

చిన్నతనముననే యొక శస్త్రవైద్యునియొద్ద పని నేర్చుకొని, 1770లో జెన్నరు లండను నగరమునకు బోయి, జాన్ హంటరు అను ప్రసిద్ధ శస్త్రవైద్యునికి శిష్యుడయ్యెను. ఊహించి యూరకుండక పరీక్షించి చూడవలెనని హంటరు బోధించుచుండెను. ఈ పాఠమును శిష్యుడు చక్కగా నేర్చుకొనెను. నగరమున ధనము గడించు వీలున్నను, జెన్నరు స్వగ్రామమునకు మరలివచ్చి పల్లెవైద్యుడుగా నుండిపోయెను. తీరికవేళల పక్షులను పరిశీలించుచు, పరుల గూటిలో పుట్టిన కోకిలపిల్ల ఆ గూటిలోని పిల్లలను తన వీపుతో వెలుపలికి ద్రోసివేయుటను గనిపెట్టి వ్రాసెను. 1789లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా జేర్చుకొనెను.

ఆ ప్రాంతమున పాడిపశువుల పోషణ మెండు. ఆవుల పొదుగులపై లేచు పొక్కులు పాలు పిదుకువారి చేతులకు అంటుచుండెను. అట్లు గోమశూచి యంటినవారికి పెద్ద మశూచి రాదని పాడివారు చెప్పుకొనెడివారు. 1774లోనే బెంజమిన్ జెస్టీ అను డార్సెటు మండలపు రైతు తన భార్యకును, ఇరువురు కుమారులకును గోమశూచి రసి నెక్కించియుండెను. కావున ఈ తలంపు జెన్నరుతో పుట్టినది కాదు. దానిని పరీక్షకు నిలిపి, గ్రంథస్థము చేసి, లోకమునకు వెల్లడించుటయే ఆయన చేసిన పని.

1796వ సంవత్సరము మే 14వ తేదీన, సారా నెల్మ్సు అను పాలు పిదుకు యువతి చేతి పొక్కునుండి రసి తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతిపై జెన్నరు ఎక్కించెను. బాలునికి కొలదిపాటి జ్వరము వచ్చి తగ్గెను. జూలై 1వ తేదీన అదే బాలునికి మశూచి రసి నెక్కించెను, వ్యాధి రాలేదు. పసివాని నట్లు అపాయమునకు లోనుచేయుట నేటి వైద్యధర్మ మొప్పుకొనదు. ఈ మాటను మఱుగుపఱచుట తగదు. ఒక్క బాలుని సంగతి చాలదని రాయల్ సొసైటీవారు ఆయన వ్యాసమును ద్రిప్పివేసిరి. జెన్నరు మఱికొన్ని దృష్టాంతములు గూర్చి, మొత్తము 23 విషయములతో 1798లో తానే గ్రంథమును బ్రకటించెను.

అంతట వాదము చెలరేగెను. పశువు రసి మనుష్యుని యొడలిలో జేరినచో మనుష్యుడును పశువగునని కొందఱు భయపడిరి. టీకా వేయించుకొన్నవారి ముఖములనుండి ఆవులు మొలచినట్లు 1802లో గిల్‌రే అను చిత్రకారుడు వ్యంగ్యచిత్రమును వ్రాసెను. ఇట్టి భయములు నవ్వి విడువదగినవే. కాని రెండవ ఆక్షేపణ మట్టిది కాదు. టీకా వేయించుకొన్నవారిలో గూడ కొందఱకు మశూచి వచ్చుచున్నదని విలియమ్ రౌలీ మున్నగు వైద్యులు 1805 నాటికి వ్రాసిరి. జెన్నరు మాత్రము ఒక్కసారి వేసిన టీకా జన్మమంతయు కాపాడునని చెప్పుచుండెను. రక్షణ తప్పినచోట్ల రసి చెడిపోయినదనియో, వేసినవాడు నేర్పరి కాడనియో ఆయన సమాధానము. కొన్నియెడల అది నిజమే. అన్నియెడల నిజము కాదు.

1811లో ఈ వివాదము ముదిరెను. గ్రోవనర్ ప్రభువు కుమారుడు రాబర్టునకు 1801లో నెలనాటి శిశువుగా నున్నప్పుడు జెన్నరే టీకా వేసియుండెను. పదేండ్లకు ఆ బాలునికి మశూచి తీవ్రముగా వచ్చెను. బ్రదుకుటయే సందేహమనుకొనిన దశలో వ్యాధి అసాధారణమైన వేగముతో తగ్గిపోయెను. టీకా వ్యర్థమనుటకు ఇదియే సాక్ష్యమని విరోధులును, టీకా లేనిచో బాలుడు చనిపోయియుండునని అనుకూలురును వాదించిరి. ఆ రాబర్టు 1893 వఱకు, తొంబది రెండేండ్లు జీవించెను.

మా తలంపున ఇరుపక్షములవారును సగము సత్యమునే పట్టుకొనిరి. టీకా నిజముగా కాపాడినది. కాని దాని బలము కొన్ని యేండ్లకు సన్నగిల్లుచుండెను. బలము తగ్గినపిదపను వ్యాధి యొక్క తీవ్రతను తఱచుగా తగ్గించుచుండెను. దీనికి మందు టీకాను మానుట కాదు, మరల వేయించుట. ఈ సంగతిని లెక్కలు వ్రాసి తేల్చినవారు తరువాతి తరమువారు. 1874లో జర్మనీ దేశము శిశువులకు మొదటి టీకాయును, పండ్రెండవ యేట రెండవ టీకాయును వేయవలెనని శాసనము చేసెను. జెన్నరు ఈ సత్యము నొప్పుకొనకయే 1823వ సంవత్సరము జనవరి 26వ తేదీన బర్క్‌లీలో కన్ను మూసెను.

ఇందువలన ఆయన గౌరవము తగ్గదు. పార్లమెంటువారు 1802లో 10,000 పౌనులును, 1807లో 20,000 పౌనులును ఆయనకు బహుమానముగా నిచ్చిరి. అయినను తన తోటలోని చిన్న పాకలో బీదలకు ఊరకయే టీకాలు వేయుచుండెను. జేమ్సు ఫిప్సు పెద్దవాడైన పిదప అతనికి నివసించుటకు ఇల్లొసగెను. ఆ ఫిప్సు జెన్నరు అంత్యక్రియలకు వచ్చెను. మన దేశమునకును ఆయన మేలు త్వరలోనే చేరెను. బాగ్దాదు, బస్రా పట్టణముల మీదుగా చేతినుండి చేతికి నడచివచ్చిన రసితో, 1802వ సంవత్సరము జూన్ 14వ తేదీన బొంబాయిలో నొక మూడేండ్ల బాలికకు మొదటి టీకా వేయబడెను. ఆ సంవత్సరముననే అది మదరాసునకును వచ్చెను.

పూర్ణరక్షణ మీయని టీకా మశూచిని భూమినుండి ఎట్లు తుడిచివేసినదని విద్యార్థులు అడుగవచ్చును. మశూచికి మనుష్యుడు తప్ప వేఱు ఆశ్రయము లేదు. రోగి కనబడినంతనే, అతనిని కలిసికొన్నవారికందఱకును టీకా వేసినచో వ్యాధికి పోవు త్రోవ మూసికొనిపోవును. 1967 తరువాత ఆరోగ్య సేవకులు ఊరూరు, ఇల్లిల్లు తిరిగి ఇట్లే చేసిరి. మన దేశమునకు 1975లో విముక్తి కలిగెను. 1977లో సోమాలియా దేశమున కనబడినదే సహజముగా సోకిన కడపటి మశూచి.

నేటి తట్టు టీకా సంగతియు ఇట్టిదే. ఒక్క మోతాదు నూటికి సుమారు 93 మందిని, రెండు మోతాదులు సుమారు 97 మందిని కాపాడును. మిగిలిన మువ్వురకు తోడి పిల్లల టీకాలే కంచె. కావున తలిదండ్రులు ఒక మోతాదుతో తృప్తిపడక రెండవదానిని మఱువకుందురుగాక. టీకాను గూర్చి యెవరైన సందేహపడినచో, మన విద్యార్థులు వారిని ఎగతాళి చేయవలదు. ఎందఱికి వేసిరి, ఎందఱికి వ్యాధి వచ్చెను, ఎన్ని యేండ్లకు వచ్చెను అని లెక్కించి చూపవలెను. పరీక్షించి చూడుమన్న గురువుమాట జెన్నరును గొప్పవానిని చేసినది. ఆయన పరీక్షింపక విడిచిన ఒక్క విషయమే ఆయనను పొరపాటున బడవేసినది. ఈ రెంటిని గుర్తుంచుకొనుటకంటె మనము ఆ మహనీయునికి చేయదగిన గౌరవము వేఱొకటి లేదు.