మేరీ వర్గీస్

మేరీ వర్గీస్ (1925 - 1986) భారతదేశానికి చెందిన ప్రముఖ వైద్యురాలు. వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుబడిన తరువాత చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. తమిళనాడులోని రాయవేలూరు (వెల్లూరు) క్రైస్తవ వైద్య కళాశాలలో భౌతికవైద్య, పునరావాస విభాగమునకు అధిపతిగా పనిచేసి, ఈ వైద్యశాఖకు మన దేశంలో పునాదులు వేసినవారిలో ఒకరుగా పేరుపొందినది.

బాల్యము, విద్యాభ్యాసము

మేరీ 1925లో కొచ్చిన్ సమీపంలోని చెరాయి గ్రామంలో ఒక సంపన్న క్రైస్తవ కుటుంబంలో జన్మించినది. ఎర్నాకుళం మహారాజా కళాశాలలో చదివిన తరువాత వైద్యవిద్య కోసం రాయవేలూరు వచ్చింది. ఆ కళాశాలను 1918లో ఐడా స్కడర్ మహిళల కోసం స్థాపించినది. మేరీకి స్త్రీవ్యాధులు, ప్రసూతి వైద్యములో స్థిరపడవలెనని కోరిక. పట్టా పొందిన పిమ్మట ఆ విభాగంలోనే పని ప్రారంభించినది.

ప్రమాదము

1954 జనవరిలో తోటి వైద్యులతో కలిసి విహారయాత్రకు వెళ్ళుచుండగా వారి వాహనము బోల్తా పడినది. మేరీ ముఖానికి తీవ్రగాయమై మచ్చ మిగిలింది. వెన్నుపాము దెబ్బతిన్నందున కాళ్ళలో కదలిక, స్పర్శ రెండూ పోయినవి. అప్పటికి ఆమె వయస్సు 28 సంవత్సరాలు.

రాయవేలూరులో నాడీ శస్త్రవైద్య విభాగమును 1949లో జేకబ్ చాందీ ప్రారంభించాడు. దేశంలో ఇటువంటి విభాగాలలో ఇదే మొదటిది. తాను పనిచేసే ఆసుపత్రిలోనే మేరీ రోగిగా నెలల తరబడి మంచముపై ఉండి, పలు శస్త్రచికిత్సలు చేయించుకొన్నది. శస్త్రచికిత్స వెన్నెముకను నిలబెట్టగలదు, ఒత్తిడిని తొలగించగలదు. కాని తెగిన వెన్నుపామును తిరిగి అతికించలేదు. ప్రాణము దక్కినది గాని, ఇక ఏ పని చేసి బ్రతుకవలెను అన్న ప్రశ్న మిగిలింది.

చక్రాల కుర్చీలో శస్త్రవైద్యము

ఈ ప్రశ్నకు సమాధానము చూపినవాడు అదే సంస్థలో ఎముకల శస్త్రవైద్యుడైన పాల్ బ్రాండ్. కుష్ఠువ్యాధి వలన వంకరపోయిన వేళ్ళకు స్నాయువులను మార్చి అమర్చి, చేతిని మరల పనికి తెచ్చే పద్ధతిని ఆయన అభివృద్ధి చేశాడు. చేతి శస్త్రచికిత్సను వైద్యులు సాధారణంగా కూర్చుండియే చేస్తారు. కనుక కాళ్ళు లేకపోవుట ఈ పనికి అడ్డంకి కాదని ఆయన ఆమెను ప్రోత్సహించాడు. మేరీ ఆ విద్యను అభ్యసించి ఎందరో కుష్ఠురోగుల చేతులను సరిచేసినది. సమాజము దూరముగా ఉంచిన రోగులు, తమకు వైద్యము చేయునామె తమకన్న ఎక్కువ అంగవైకల్యము కలిగినదని చూచి ధైర్యము తెచ్చుకొనేవారు.

విదేశాలలో శిక్షణ

వెన్నుపాము దెబ్బతిన్నవారు పూర్వము గాయము వలన కంటె పడకపుండ్లు, మూత్రకోశ వ్యాధుల వలన ఎక్కువగా మరణించేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ ప్రారంభించిన పద్ధతులు ఈ పరిస్థితిని మార్చినవి. రోగిని వేళ తప్పక ప్రక్కలకు తిప్పుట, మూత్రవిసర్జన విషయమై జాగ్రత్త, వ్యాయామము, క్రీడలు, వృత్తిశిక్షణ ఇందులో భాగాలు.

మేరీ మొదట ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పునరావాస చికిత్స పొంది, తన పనులు తాను చేసుకొనుట నేర్చుకున్నది. తరువాత న్యూయార్కులో హోవార్డ్ రస్క్ నెలకొల్పిన సంస్థలో భౌతికవైద్యము, పునరావాసము అను శాఖలో ఉన్నత శిక్షణ పొందినది. స్వదేశానికి తిరిగివచ్చి రాయవేలూరులో ఆ విభాగానికి అధిపతి అయినది.

పునరావాస సంస్థ

1966లో రాయవేలూరులో రోగులు ఉండి చికిత్స పొందుటకు వీలుగా పునరావాస సంస్థ ప్రారంభమైనది. దేశంలో ఇటువంటి తొలి సంస్థలలో ఇది ఒకటి. శస్త్రచికిత్స ముగిసిన రోగి ఇక్కడ కూర్చొనుట, మంచము నుండి కుర్చీకి మారుట, చర్మమును ప్రతిదినము పరీక్షించుకొనుట, వంట, చేతిపని నేర్చుకొంటాడు. ఇంటివారికి కూడా శిక్షణ ఇస్తారు. ఆసుపత్రి నుండి ప్రాణముతో బయటపడుట మాత్రమే గాక, ఇంటికి చేరిన తరువాత ఎట్లు జీవిస్తున్నాడు అన్నదే చికిత్సకు కొలమానమని మేరీ తన జీవితముతో నిరూపించినది.

ఈ కొలమానము ఎంత అవసరమో కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతపు వృత్తులను గమనించిన తెలియగలదు. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప కృషితో 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘము ఏర్పడినది. గుంటమగ్గము నేయువాడు చేతులతో నాడెను, కాళ్ళతో క్రింది చెక్కలను ఆడించవలెను. కాళ్ళు చచ్చుబడిన నేతగాడు మగ్గములో దిగలేడు. కాని రాట్నముపై కండెలు చుట్టగలడు, లెక్కలు వ్రాయగలడు. ఆదోని పత్తి వ్యాపార కేంద్రము. బస్తాలు, బేళ్ళు మోయు హమాలీ వెన్ను దెబ్బతిన్నచో ఆ పని తిరిగి చేయలేడు. అయినను బల్ల ముందు కూర్చొని చేయు పని ఏదైనా నేర్వవచ్చును. మిగిలిన శక్తికి తగిన పనిని వెదకుటయే పునరావాసము. చక్రాల కుర్చీ ఇచ్చినంత మాత్రాన సరిపోదు; గడప దాటుటకు వాలుబాట, కుర్చీ పట్టునంత తలుపు, అందుబాటులో మరుగుదొడ్డి కూడా కావలెను.

గౌరవములు, మరణము

భారత ప్రభుత్వము 1972లో మేరీ వర్గీస్‌ను పద్మశ్రీ పురస్కారముతో సత్కరించినది. అమెరికా రచయిత్రి డొరొతీ క్లార్క్ విల్సన్ ఆమె జీవితచరిత్రను టేక్ మై హ్యాండ్స్ అను పేరుతో 1963లో ప్రచురించినది. ప్రమాదము తరువాత 32 సంవత్సరాలు జీవించిన మేరీ 1986లో మరణించినది. ఆ కాలములో అధికభాగము ఆమె రోగిగా గాక వైద్యురాలిగానే గడిపినది.