తల్లి చెప్పిన కొడుకు కథ – గౌతమీపుత్ర శాతకర్ణి

గౌతమీపుత్ర శాతకర్ణి పేరు 2017లో సినిమా వచ్చాక ఊరూరా తెలిసింది. అంతకుముందు మనలో చాలామందికి ఆయన సాంఘికశాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే. ఆ పేరులోని గౌతమి ఆయన తల్లి, గౌతమీ బాలశ్రీ. ఆయన గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ తల్లి చెప్పిందే.

ఆయన పుట్టిన ఏడు, చనిపోయిన ఏడు ఏ శాసనంలోనూ లేవు. రాజు పట్టానికి వచ్చిన నాటి నుంచే అప్పట్లో లెక్క. క్రీ.శ. 106 నుంచి 130 వరకు పాలించాడని కొందరు చరిత్రకారులు అంటే, ఇంకొందరు ఆయనను మొదటి శతాబ్దంలోకి జరుపుతారు.

శాతవాహనుల పశ్చిమ భూములను ఆక్రమించిన నహపాణుణ్ణి ఆయన ఓడించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా నహపాణుని వెండి నాణేలు దొరికాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద మన రాజు తన ముద్ర మళ్లీ కొట్టించాడు. శాతవాహనుల నాణేలు చూడాలంటే మనం నాసిక్ దాకా పోనక్కర్లేదు, కొండాపూర్ చాలు. గచ్చిబౌలి పక్కనున్నది కాదు సుమా, సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్!

యుద్ధాలకంటే మాకు నచ్చింది ఒక చిన్న భూమి సంగతి. నాసిక్ గుహల్లోని భిక్షువులకు రాజు కఖడి గ్రామంలో పొలం ఇచ్చాడు. తీరా చూస్తే ఆ ఊళ్లో జనం లేరు, పొలం దున్నేవారు లేరు. మంజూరైంది చేతికి అందకపోతే ఎలా ఉంటుందో హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా? పాలన 24వ ఏట, పట్టణం పొలిమేరలోని రాజుగారి సొంత భూమి నుంచి 100 నివర్తనాలు బదులుగా ఇమ్మని అమాత్యుడు శ్యామకునికి ఆజ్ఞ వెళ్లింది. ఆ ఆజ్ఞ రాజుతోపాటు రాజమాత పేరున కూడా ఉంది. అందులో ఆమెను కొడుకు బతికి ఉన్న తల్లిగా పేర్కొన్నారు.

తర్వాతి శాసనానికి ఆ కొడుకు లేడు. మనుమడు పులుమావి పాలనలో 19వ ఏట, నాసిక్‌లోని మూడో గుహలో బాలశ్రీ ప్రాకృతంలో పెద్ద శాసనం చెక్కించింది. కొడుకు ఏలిన దేశాలన్నీ పేరుపేరునా చెప్పింది. పన్నులు న్యాయంగా వేశాడనీ, ప్రజల సుఖదుఃఖాలు తనవిగా చూశాడనీ, తప్పు చేసిన శత్రువు ప్రాణం తీయడానికి కూడా ఇష్టపడలేదనీ చెప్పింది.

నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపాడని కూడా అదే శాసనం పొగిడింది. ఒకే పంక్తిలో కూర్చుని తినే మనకు ఆ మాట మింగుడుపడదు. తల్లి పొగిడింది కదా అని మనమూ పొగడనక్కర్లేదు. అయితే అదే చోట ద్విజులతోపాటు కింది కులాల కుటుంబాలనూ వృద్ధి చేశాడని ఉంది. రెండూ కలిపే చదవాలి.

ఆ గుహను బాలశ్రీ భిక్షువులకు దానం చేసింది. నాయనమ్మ సంతోషం కోసం పులుమావి ఆ గుహకు ఒక గ్రామాన్ని ఇచ్చి, దాని పుణ్యం తండ్రికి చెందాలని రాయించాడు.