ఎమీ జాన్సన్

లండను నగరమునుండి ఆస్ట్రేలియా ఉత్తరతీరమున నున్న డార్విన్ పట్టణమునకు, నడుమ నడుమ దిగుచు పోవు విమానమునకు సుమారు 18,000 కిలోమీటర్ల దారి. ఓడలో ఈ ప్రయాణమునకు నెలకు పైగా పట్టెడి దినములలో, తోడెవ్వరును లేక చిన్న విమానముపై దీనిని దాటిన మొదటి వనిత ఎమీ జాన్సన్.

ఆమె 1903 జూలై 1వ తేదీన ఇంగ్లండులోని హల్ రేవుపట్టణమున జన్మించెను. తండ్రి చేపల వ్యాపారి. షెఫీల్డు విశ్వవిద్యాలయమున పట్టము పొందిన పిమ్మట ఆమె లండనులో ఒక న్యాయవాది కార్యాలయమున టైపు పనిలో చేరెను. తీరిక వేళలలో విమానము నడుపుట నేర్చుకొనెను. అంతటితో తృప్తి చెందక, చేతులకు మసి యంటినను లెక్కింపక యంత్రములను విప్పి బిగించుట అభ్యసించెను. 1929లో విమానముల మరమ్మతు ఇంజనీరుగా అనుమతిపత్రము పొందెను. బ్రిటనులో అట్టి పత్రము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

1928లో హింక్లర్ అను వైమానికుడు ఈ దూరమును పదునాఱు దినములలోపల ఒంటరిగా దాటియుండెను. అంతకన్న శీఘ్రముగా పోవలెనని ఎమీ సంకల్పించెను. తండ్రియు, వేక్‌ఫీల్డు ప్రభువును ధనసహాయము చేయగా ఒక పాత జిప్సీ మాత్ విమానమును కొని, దానికి జేసన్ అని పేరిడెను. అందు కూర్చుండు చోటికి పైకప్పు లేదు. వార్త పంపుటకు రేడియో లేదు. అంతవఱకు ఆమె చేసిన దీర్ఘయానము లండను నుండి హల్ వఱకే!

1930 మే 5వ తేదీన ఆమె క్రాయ్‌డన్ విమానాశ్రయమునుండి బయలుదేఱెను. బాగ్దాదు చేరకముందే ఇసుకతుపాను చుట్టుముట్టెను. ఆమె ఎడారిలో దిగి, చక్రములకు సామానులు అడ్డుపెట్టి, గాలి తగ్గువఱకు విమానమును కాచుకొని యుండెను. ఆఱు దినములలో కరాచీ చేరెను. అప్పటికి హింక్లర్ కన్న రెండు దినములు ముందున్నది. ఇంధనము చాలక ఝాన్సీలో కవాతు మైదానమున దిగవలసివచ్చెను. కలకత్తా దాటి రంగూను సమీపించునప్పటికి కుండపోతగా వాన. ఒక ఆటస్థలమున దిగగా విమానము గోతిలో పడి ఱెక్కయు, పంఖాయు విఱిగినవి. మరమ్మతునకు విలువైన దినములు గడచిపోయినవి.

హింక్లర్‌ను మించు ఆశ అంతటితో తొలగెను. అయినను ఆమె వెనుదిరుగలేదు. సింగపూరు, జావా దాటి, తుదకు సుమారు 800 కిలోమీటర్ల టిమోరు సముద్రమును ఒంటరిగా దాటి, మే 24వ తేదీన డార్విన్‌లో దిగెను. ప్రయాణమునకు పట్టినకాలము పందొమ్మిదిన్నర దినములు. హింక్లర్ పేరు చెక్కు చెదరలేదు. అయినను లోకము ఎమీకి జయధ్వానములు పలికెను.

1932లో ఆమె లండను నుండి కేప్‌టౌను వఱకు ఒంటరిగా ఎగిరి, అంతవఱకు ఎవ్వరును చేరనంత తక్కువ కాలములో చేరెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, సైన్యమునకు విమానములను చేరవేయు సహాయక దళమున 1940లో చేరెను. 1941 జనవరి 5వ తేదీన వాతావరణము బాగులేక దారితప్పి, ఆమె నడుపుచున్న విమానము థేమ్సు నదీముఖమున కూలెను. ఆమె దేహము దొరకలేదు.

2018లో లండను, ఆస్ట్రేలియాలోని పెర్తు నగరముల నడుమ ఎచ్చటను దిగని విమానయానము మొదలైనది. దానికి పట్టినకాలము సుమారు పదునేడు గంటలు. కాలమును ఇంతగా కుదించినవి యంత్రములే కావు. అనుకొన్న గెలుపు చేజారినను గమ్యము విడువని ఎమీ వంటివారి పట్టుదల కూడ ఆ మార్గమును సుగమము చేసినది.